వెజ్ హోటల్లో గుడ్ల డబ్బా తీశాను. డైట్‌లో ఉన్నవాడు బయటికెళ్తే ఏం తినాలి?

పదహారువందలు:
పద్నాలుగు వారాలుగా రోజుకి 1600 క్యాలరీల లెక్కలో ఉన్నాను. వారానికి ఐదు రోజులు జిమ్. 91 కిలోల నుంచి 83కి వచ్చాను. మొన్న ఆదివారం మామగారు ఊరి నుంచి వస్తే అందరం కలిసి టిఫిన్‌కి వెళ్లాం. నేను నూనె లేకుండా ఒక పెసరట్టు చెప్పాను. అల్లం పచ్చడి వద్దన్నాను, అందులో బెల్లం ఉంటుంది కదా. ప్రొటీన్ చాలదని ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు గుడ్ల తెల్లసొన డబ్బా తీశాను. సర్వర్ వచ్చి "సార్, ఇది వెజ్ హోటల్" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. మామగారు ఏమీ అనలేదు. నెయ్యి ఇడ్లీ సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. పెసరట్టేమో నూనె కారుతూ వచ్చింది. అప్పటి నుంచి మా ఆవిడ మాట్లాడటం లేదు. తప్పు నాదేనా?

మిర్చిబండి:
బ్రో, గుడ్లా? వెజ్ హోటల్లోనా? 🙏

లెక్కల మనిషి:
డబ్బా అక్కడ తీయడం తప్పే. కానీ లెక్క చూసుకోవడం తప్పు కాదు. నూనె గ్రాముకి 9 క్యాలరీలు, పెద్ద చెంచాకి దాదాపు 120. అట్టు చుట్టూ ఒక చెంచా, తిప్పాక ఇంకోటి. పిండి సంగతి పక్కన పెట్టినా నూనెకే 240. వారమంతా కడుపు మాడ్చుకున్నది ఆదివారం ఒక్కరోజులో పోతుంది. నేను బయటికెళ్తే ఆవిరి ఇడ్లీ రెండు, సాంబారు విడిగా. నాన్‌వెజ్ చోటైతే తందూరీ చికెన్. అంతే.

అరిటాకు:
నూనె లేని పెసరట్టేమిటండీ! ఇంట్లో ఎలాగూ గడ్డి తింటున్నారు, నలుగురితో బయటికొచ్చినప్పుడైనా మనిషిలా తినకూడదా? మా రోజుల్లో హోటల్‌కి తీసుకెళ్లడమే గొప్ప.

లెక్కల మనిషి:
మీ రోజుల్లో నెలకోసారి వెళ్లేవారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు, పైగా ఇంటికి పార్సిళ్లు. అప్పటి రూలు ఇప్పటికి పెడితే ఎలాగండీ?

అరిటాకు:
నేనడిగింది నూనె లేకుండా పెసరట్టు వస్తుందా అని. దానికి జవాబు చెప్పండి.

పెనం ముందు:
నేను చెప్తాను. పదకొండేళ్లు టిఫిన్ సెంటర్ నడిపాను. ఇనప పెనం మీద చుక్క కూడా లేకపోతే అట్టు లేవదు. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనానికి రుద్దితే వస్తుంది, కాకపోతే ఓపికుండాలి. ఆదివారం తొమ్మిదింటికి పెనం మీద ఆరు అట్లుంటాయి, పక్కన చీటీలు గుట్టగా ఉంటాయి. "నూనె వద్దు" అన్న మాట సర్వర్ దగ్గర బయల్దేరుతుంది, పెనం దాకా రాదు. ఇంకోటి, మేం పెసల్లో బియ్యం కూడా పోసి నానబెట్టేవాళ్లం, కరకరలాడాలని. ఉత్త పెసలని క్యాలరీల యాప్‌లో కొట్టుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది.

లెక్కల మనిషి:
కిలో పెసలకి బియ్యం ఎంత?

పెనం ముందు:
రెండు మూడు గుప్పెళ్లు.

లెక్కల మనిషి:
గ్రాముల్లో చెప్పండి.

పెనం ముందు:
నా చెయ్యి ఇప్పుడు కాటా మీద పెట్టమంటారా?

నిద్రలేని కోడి:
హోటల్ మెనూలో క్యాలరీలు రాయాలని రూల్ ఉంది కదా?

లెక్కల మనిషి:
ఉంది, కానీ అందరికీ కాదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం దాని సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లు, లేదా పది అంతకంటే ఎక్కువ చోట్ల అవుట్‌లెట్లు ఉన్నవాళ్లు మెనూలో రాయాలి. వీధి చివరి టిఫిన్ సెంటర్‌కి అది లేదు.

అరిటాకు:
రూల్స్ అంటున్నారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రొటీన్ పౌడర్లు వద్దంది. ఈ ప్రొటీన్ పిచ్చంతా జిమ్ వాళ్లు ఎక్కించింది.

లెక్కల మనిషి:
ఆయన తిన్నది గుడ్లండీ, పౌడర్ కాదు! నూనె, చక్కెర, ఉప్పు తగ్గించమని కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ మీ కంటికి ఆనలేదా?

అరిటాకు:
చదివాను. పక్కన కూర్చున్న పెద్దాయన ముద్ద వదిలేసి లేస్తే ఎన్ని క్యాలరీలో మాత్రం అందులో లేదు. తూకం వేసుకుని తినేవాళ్లు నలుగురితో వెళ్లడం ఎందుకు? ఇంట్లో కూర్చోండి.

లెక్కల మనిషి:
"ఒక్క పూటకి ఏమవుతుందిలే" అనే మీలాంటి పెద్దలే మా నాన్నకి ప్రతి పెళ్లిలో ఇంకో పూర్ణం వడ్డించారు. షుగరుందని అందరికీ తెలుసు. వద్దంటే అలిగేవాళ్లు. ఆయన మొహమాటానికి తినేవారు. కాలి రెండు వేళ్లు తీసేసిన రోజున ఆ వడ్డించినవాళ్లలో ఒక్కరూ ఆసుపత్రికి రాలేదు. నాకు చెప్పకండి ఎక్కడ కూర్చోవాలో.

మిర్చిబండి:
కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

అరిటాకు:
మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా అబ్బాయికి షుగరు లేదు, బీపీ లేదు. ఇరవై ఆరేళ్లు. ఎనిమిది నెలలుగా మాతో కలిసి తినడం లేదు. తన గదిలో కాటా, తన చికెన్, తన ఓట్స్. వాళ్లమ్మ పండక్కి గారెలు వండి పిలిస్తే "మాక్రోలు సరిపోవు" అన్నాడు, అంటే ప్రొటీన్, పిండిపదార్థం, కొవ్వుల లెక్కట. ఆవిడ ఇప్పుడు గారెలు వండటమే మానేసింది. నాకు పెసరట్టు గొడవేమీ లేదు.

లెక్కల మనిషి:
మీ వాడితో ఆ మాట అన్నారా, లేక ఇక్కడ మాతోనేనా?

అరిటాకు:
...

గోదారమ్మాయి:
ఇంతసేపూ నూనె, బియ్యం, షుగరు. ఆవిడ ఎందుకు మాట్లాడటం లేదో ఒక్కరూ అడగలేదు. పదహారువందలు గారూ, ఆదివారం పొద్దున ఆ గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, డబ్బాలో పెట్టింది ఎవరు?

పదహారువందలు:
తనే.

గోదారమ్మాయి:
పచ్చసొనలు?

పదహారువందలు:
పారేయడం ఎందుకని తనే తింటుంది. రోజూ.

గోదారమ్మాయి:
మా ఇంట్లోనూ అంతే. ఆయన ఏడు కిలోలు తగ్గారు, నేను నాలుగు పెరిగాను. వాళ్ల నాన్న ఊరి నుంచి వచ్చిన ఒక్కరోజైనా వంటగదిలోకి వెళ్లకుండా కూర్చుందామనుకుని ఉంటుంది. ఆ రోజు కూడా మీ డబ్బా కట్టే బయల్దేరింది.

లెక్కల మనిషి:
ఇది డైట్ తప్పు కాదు, డబ్బా ఎవరు కడుతున్నారన్నది.

గోదారమ్మాయి:
నేనూ అదే అంటున్నానండీ. మీరు కాటా పక్కన పెట్టి చదవండి.

పదహారువందలు:
మామగారు గురువారం దాకా ఉంటారు. మళ్లీ ఒకసారి తీసుకెళ్దామనుకుంటున్నాను. ఈసారి ఏం చెప్పాలి?

పెనం ముందు:
ఆదివారం వెళ్లిన చోటికే వెళ్లు తమ్ముడూ, కాకపోతే ఏడింటికల్లా వెళ్లు. అప్పుడు పెనం దగ్గరవాడికి తీరికుంటుంది, నువ్వే వెళ్లి చెప్పు, ఉల్లిపాయ రుద్ది వేస్తాడు. మామగారికి నెయ్యి ఇడ్లీ నువ్వే చెప్పు, మా చెల్లిని ఏం కావాలో అడుగు. గుడ్లు ఇంట్లోనే తినేసి వెళ్లు, నువ్వే ఉడకబెట్టుకుని.