బస్తర్ బోడాని ట్రఫుల్ అనొచ్చా?

వంశధార:
ఈ వానలకి సాలూరు ఘాటు దిగి విజయనగరం వస్తున్న బోడాలని (ఛత్తీస్‌గఢ్ బస్తర్ అడవుల్లో మట్టిలోంచి తీసే తినే శిలీంధ్రాలు) ‘దేశీ ట్రఫుల్’ అని అమ్ముతున్నారు. ట్రఫుల్ అంటే నేలలోపల పెరిగే వాసన శిలీంధ్రం, అది ట్యూబర్ ప్రజాతి ఒక్కటే. ఇది గుగ్గిలం చెట్ల వేళ్లతో బతికే ఆస్ట్రేయస్ అనే వేరే ప్రజాతి. పేరే తప్పు.

నాగావళి:
‘ఒక్కటే’ అన్నచోట ఒప్పుకోనండీ. ట్రఫుల్ అన్నది వంశం కాదు, బతికే తీరు. శిలీంధ్రపు కాయ నేల మీద విచ్చుకుంటే ఎండకి ఆరిపోతుంది. లోపలే మూసుకుంటే తేమ నిలుస్తుంది. బదులుగా సిద్ధబీజాలని గాల్లోకి చిమ్మే దారి పోతుంది, వాసనతో జంతువుల్ని పిలవాలి. ఈ మార్పు వేర్వేరు వంశాల్లో విడివిడిగా చాలాసార్లు జరిగింది. ఎలాఫోమైసిస్ అనే నేలలోపలి శిలీంధ్రమైతే పెనిసిలియం బూజు ఉన్న క్రమంలోదే (ఆర్డర్)! అలాంటిదే అయిన రైజోపోగాన్, గొడుగు వేసే సూయిలస్ పుట్టగొడుగుకి దగ్గరి చుట్టమని 1989లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూపింది. ట్రఫుల్స్‌కని ఉన్న ట్యూబరేలిస్ అనే విడి క్రమాన్ని 1979లోనే శాస్త్రవేత్త ట్రాప్ పెజైజేలిస్ అనే క్రమంలో కలిపేశారు.

వంశధార:
సరే, మీ లెక్కే తీసుకుందాం. ఆస్ట్రేయస్ ముదిరితే నేల పైకొచ్చి నక్షత్రంలా విచ్చుకుంటుంది. వాన చినుకు పడితే పొడి ఎగిరిపోతుంది. జంతువుతో పనేముంది?

నాగావళి:
అది నిజం. లేతగా ఉండగానే మట్టిలోంచి తీస్తారు కాబట్టి అలా కనిపిస్తోంది. నా లెక్కలోనూ ఇది ట్రఫుల్ కాదు.

చంపావతి:
ఆకారం ముందూ మోసం చేసింది. శిలీంధ్ర శాస్త్రవేత్త పెర్సూన్ 1801లో దీన్ని నక్షత్రంలా విచ్చుకునే జియాస్ట్రమ్ ప్రజాతిలో పెట్టారు, 1889లో మరో శాస్త్రవేత్త మోర్గాన్ విడదీశారు. ఇప్పుడు డీఎన్‌ఏ ప్రకారం బొలెటేలిస్ క్రమం.

పేరు కంటే ముందు కాయని నిలువునా కోయండి. లేత బోడాకి తొక్క రెండు పొరలు, లోపల ఒకే తెలుపు. ట్యూబర్ అయితే పాలరాతి చారలు. తొక్క ఒకే పొరగా మందంగా ఉంటే స్క్లెరోడెర్మా అని అనుమానించి పారేయండి, అది విషం. స్క్లెరోడెర్మా ముదిరితే లోపల ఊదా నలుపు తిరుగుతుంది గానీ లేతలో అదీ తెల్లగానే ఉంటుంది, రంగుని నమ్మొద్దు. గొడుగూ కాడా గీసినట్టు కనిపిస్తే అమానిటా పుట్టగొడుగు మొగ్గ కావచ్చు, ప్రాణం తీసే రకాలున్నాయి.

మైక్రోస్కోపుకి పలచని ముక్క, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, 400 రెట్లు. సంచిలో బీజాలుంటే ఆస్కస్, అంటే ట్యూబర్ వైపు; కణం కొసన బయట అంటుకుని ఉంటే బెసీడియం, అంటే బోడా వైపు. పొడైపోయిన కాయ తేవొద్దు: బెసీడియాలు అప్పటికే కరిగి, గుండ్రటి ముళ్ల బీజాలే మిగులుతాయి. డీఎన్‌ఏకి నడి గుజ్జులోంచి అగ్గిపుల్ల తలంత చాలు. తొక్క గోకితే మట్టిలోని బూజుల డీఎన్‌ఏ వరస వస్తుంది.

వంశధార:
అయితే అట్ట మీద ‘బోడా’ అనే రాయమందాం.