ముల్లు దిగింది అరికాలిలో, బిళ్ళ కట్టింది గజ్జల్లో: ఇది ఏ రకం రోగనిరోధకత?

ప్రశ్న:
గత వారం పొలం గట్టు మీద నడుస్తుండగా మా అబ్బాయి అరికాలిలో తుమ్మ ముల్లు దిగింది. వెంటనే తీసేశాము గానీ, సాయంత్రానికే ఆ చోటు ఎర్రబడి, వాచి, చేయి పెడితే వేడిగా తగిలింది. మూడో రోజుకు కొద్దిగా చీము పట్టింది, అదే వైపు గజ్జల్లో బిళ్ళ కట్టింది. డాక్టరు గారికి చూపించాము, ఇప్పుడు తగ్గుముఖం పట్టింది కనుక చికిత్స గురించి అడగడం లేదు. "సహజ రోగనిరోధకత, ఆర్జిత రోగనిరోధకత అని రెండు ఉంటాయంటారు కదా, నా కాలిలో పనిచేసింది ఏది?" అని వాడు అడిగితే నాకు జవాబు తోచలేదు. గాయం ఒక చోట ఉంటే బిళ్ళ మరొక చోట ఎందుకు కడుతుందో కూడా తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
మీ అబ్బాయి ఒంట్లో రెండూ పనిచేశాయండి. చర్మాన్ని ముల్లు చీల్చుకుని లోపలికి వెళ్ళినప్పుడు, దానితోపాటు వెళ్ళిన సూక్ష్మజీవులను అక్కడే కాపు కాసి ఉండే స్థూల భక్షక కణాలు ముందుగా పసిగట్టి, కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో అక్కడి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల గుండా ద్రవం బయటికి ఊరుతుంది. మీరు చూసిన ఎరుపు, వాపు, వేడి అన్నీ దాని ఫలితమే. ఆ దారినే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కొన్ని గంటల్లోనే గుంపులుగా వచ్చి, సూక్ష్మజీవులను మింగి తామూ చనిపోతాయి. మనం అసహ్యించుకుని తుడిచేసే చీములో ఎక్కువ భాగం వాటి కళేబరాలే. ఇది సహజ రోగనిరోధకత. వచ్చింది ఏ జాతి సూక్ష్మజీవి అన్న ఆరా దీనికి పెద్దగా ఉండదు కనుక, పదోసారి ముల్లు గుచ్చుకున్నా ఇంచుమించు ఇదే తంతు జరుగుతుంది.

ఇక బిళ్ళ సంగతి. గాయం దగ్గర కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు సూక్ష్మజీవుల ముక్కలను పట్టుకుని, లింఫు నాళాల గుండా గజ్జల్లోని లింఫు గ్రంథులకు చేరుకుంటాయి. ఆ ముక్కకు సరిగ్గా అతికే గ్రాహకం ఉన్న లింఫోసైట్లు (మరో రకం తెల్ల రక్తకణాలు) లక్షల్లో ఏ కొన్నో ఉంటాయి. అవి దొరికాక విభజన చెందుతూ వేలు, లక్షలుగా పెరుగుతాయి, గ్రంథి ఉబ్బుతుంది. అందుకే బిళ్ళ ఆలస్యంగా తేలింది. వచ్చిన సూక్ష్మజీవిని ప్రత్యేకంగా గుర్తించి ఎదుర్కొనే ఆర్జిత రోగనిరోధకత మొదలయ్యే చోటు అదే.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక చేర్పు. ఈ విషయం తొలిసారి బయటపడింది కూడా ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త పారదర్శకమైన నక్షత్ర చేప డింభకంలో ముళ్ళు గుచ్చి, మర్నాడు చూసేసరికి కణాలు వాటి చుట్టూ మూగి ఉన్నాయి. రక్షణ అంతా కణాలదేనని ఆయన పక్షం, రక్తరసంలోని ప్రతిరక్షకాలదని (యాంటీబాడీలదని) ఎదుటి పక్షం ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. చివరికి 1908 నోబెల్ బహుమతిని ఆయనకూ, ప్రతిరక్షకాలపై పనిచేసిన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. పాఠ్యపుస్తకాలు సహజ, ఆర్జిత రోగనిరోధకతలను పట్టికలో చెరో గడిలో పెట్టడం వల్లే పిల్లలకు ఇటువంటి సందేహం వస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక మాట. తట్టు ఒకసారి వస్తే మళ్ళీ రాదంటారు, మరి వీడికి టీటీ (ధనుర్వాతం టీకా) ఇంజెక్షన్ మళ్ళీ ఎందుకు వేశారు?

మూడవ సమాధానం:
తట్టు విషయంలో మీరు విన్నది నిజమే. 1781లో తట్టు సోకిన ఫారో దీవులకు (ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోనివి) 1846లో అది తిరిగి వచ్చి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందిని మంచాన పడేసింది. అయితే 65 ఏళ్ళ కిందట తట్టు వచ్చి తగ్గిన వృద్ధులను మాత్రం తాకలేదని పానుమ్ అనే డేనిష్ వైద్యుడు నమోదు చేశాడు. ఒకసారి ఎదురైన సూక్ష్మజీవిని గుర్తుంచుకునే జ్ఞాపక కణాలు, ప్రతిరక్షకాలు అంతకాలం నిలుస్తాయి.

ధనుర్వాతం తీరు వేరు. ఆ సూక్ష్మజీవి విడుదల చేసే విషం ఎంత తీవ్రమైనదంటే, ప్రాణం తీయగల మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థకు గుర్తుండిపోయేంత ఉండదు. టీకాతో వచ్చిన ప్రతిరక్షకాలు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతాయి కనుక 10, 16 ఏళ్ళ వయసులో మళ్ళీ వేస్తారు. మునుపు టీకాలు పడిన బిడ్డకు ఇప్పుడు వేసిన సూది పాత జ్ఞాపక కణాలను తట్టిలేపుతుంది. ఎన్నడూ టీకా పడనివారికి మురికి గాయమైతే, సొంత ప్రతిరక్షకాలు తయారయ్యే దాకా ఆగే వ్యవధి ఉండదు కనుక, టీకాతోపాటు సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలనే ఇంజెక్షన్‌గా ఇస్తారు. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవారికి కూడా తరువాత టీకా వేయవలసిందే.