పంజాబీ పాటలు ఊరంతా మోగుతాయి, సినిమాలెందుకు అంతంతమాత్రం?

సర్రే సుబ్బు:
కెనడాలో ఉంటున్నా. రూమ్మేట్స్ ఇద్దరూ లూధియానా వైపు వాళ్లు, వాళ్ల పుణ్యమా అని పంజాబీ సినిమాలు బాగానే చూస్తున్నా. నాకు అంతుపట్టనిది ఒకటే. పంజాబీ పాట లేకుండా మన హైదరాబాద్‌లో కూడా సంగీత్ జరగట్లేదు, పంజాబీ సింగర్, హీరో దిల్జీత్ దోసాంజ్ ఇక్కడ వాంకోవర్‌లో స్టేడియం నింపాడు, కానీ సినిమా దగ్గరికొచ్చేసరికి 2023లో ‘క్యారీ ఆన్ జట్టా 3’ ప్రపంచమంతా కలిపి వంద కోట్లు దాటిందంటే అదే రికార్డు అన్నారు. పైగా నేను చూసినవాటిలో సగం ఒకే కథ: సింగరే హీరో, వీసా గొడవ, పెళ్లి, కన్ఫ్యూజన్ కామెడీ. డబ్బుల్లేకనా, కథల్లేకనా?

మొహాలీ మూర్తి:
ముందు జనాభా లెక్క చూడండి. 2011 లెక్కల్లో పంజాబ్ రాష్ట్రం మొత్తం 2 కోట్ల 77 లక్షలు, అప్పటి ఉమ్మడి ఏపీ ఎనిమిదిన్నర కోట్లకు దగ్గర. పాకిస్తాన్ పంజాబ్‌లో 12 కోట్ల పైన ఉన్నారు, అందులో ఎక్కువమంది మాట్లాడేది పంజాబీనే, కానీ మధ్యలో బోర్డరుంది. ఇక అసలు దెబ్బ హిందీది. మనవాళ్లకి హిందీ సినిమా చూపించాలంటే చాలామందికి డబ్బింగ్ కావాలి. లూధియానావాడికి అక్కర్లేదు, నేరుగా అర్థమవుతుంది, పైగా ఆ హిందీ సినిమాలో సగం పాటలు, పెళ్లిళ్లు తమవే. టికెట్ డబ్బులు పెట్టి పంజాబీ సినిమాకే ఎందుకెళ్లాలి చెప్పండి? కాస్త పేరొస్తే నటులు కూడా ముంబై బాట పడతారు, లేదా మన దగ్గరికొస్తారు. వామికా గబ్బి ‘భలే మంచి రోజు’ చేసింది, సోనమ్ బాజ్వా ‘ఆటాడుకుందాం రా’ చేసింది.

పాత రీలు:
మూర్తిగారు చెప్పింది నిజమేగానీ చరిత్ర వదిలేశారు. 1947కి ముందు పంజాబీ సినిమాకి గుండెకాయ లాహోర్. విభజనతో స్టూడియోలు అటు ఉండిపోయాయి, మనుషులు చాలామంది ఇటు వచ్చి బొంబాయి చేరి హిందీ సినిమాలు తీశారు. 1969లో ‘నానక్ నామ్ జహాజ్ హై’ లాంటి హిట్లతో మళ్లీ నిలబడుతుంటే ఎనభైల్లో ఉగ్రవాదం వచ్చిపడింది. 1988లో వీరేంద్ర అనే హీరోని (ధర్మేంద్రకి బంధువు) షూటింగ్‌లో ఉండగానే కాల్చి చంపేశారు. ఆ రోజుల్లో సెకండ్ షోకి ఎవడెళ్తాడు, డబ్బు ఎవడు పెడతాడు? మళ్లీ ఊపిరొచ్చింది 2002లో ‘జీ ఆయా నూ’తో. డైరెక్టర్ మన్‌మోహన్ సింగ్ (ప్రధాని కాదు, ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ కెమెరామన్), హీరో సింగర్ హర్‌భజన్ మాన్, కథ కెనడా అమ్మాయిది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఆదరించారు. ఇప్పుడు మీరు చూస్తున్న వీసా, పెళ్లి ఫార్ములాకి పునాది అక్కడే పడింది. సింగర్‌కైతే ముందే జనం ఉంటారు, పాటలమ్మితే సగం ఖర్చు వెనక్కొస్తుంది, నిర్మాతకి టెన్షన్ తక్కువ.

వెన్నెల రాత్రులు:
అన్నీ మార్కెట్ మీద తోసేయకండి, నాకు ఒప్పుదల లేదు. మలయాళం వాళ్ల జనాభా ఎంత? మూడు కోట్ల పైచిలుకు. కథలు అక్కడ ఎలా పుడుతున్నాయి మరి? పంజాబీలో సాహిత్యం లేదా అంటే బోలెడుంది. గుర్‌దయాల్ సింగ్ నవల నుంచి గుర్వీందర్ సింగ్ తీసిన ‘అన్హే ఘోడే దా దాన్’కి ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డొచ్చింది, తర్వాత ఎనభైల భయం మీద తీసిన ‘చౌథీ కూట్’ 2015లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లింది. మొదటిదానికి డబ్బు పెట్టింది ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ, పంజాబీ నిర్మాత కాదు. అదీ అసలు రోగం. హీరోని ముందు ఫిక్స్ చేసి, పాటలు రికార్డ్ చేసి, చివర్లో రచయితని పిలిస్తే కామెడీ తప్ప ఏమొస్తుంది!

ఇంకోటి కూడా చెప్పాలి. మనకి ఎన్టీఆర్ రాముడూ కృష్ణుడూ అన్నీ వేసేశారు, జనం దండం పెట్టారు. సిక్కు గురువుల పాత్రని మనిషి వేస్తే అక్కడ ఒప్పుకోరు. అందుకే గురు గోబింద్ సింగ్ నలుగురు కొడుకుల కథ ‘చార్ సాహిబ్‌జాదే’ 2014లో యానిమేషన్‌లో వచ్చింది, బాగా ఆడింది కూడా. అంటే అంత గొప్ప చరిత్ర చేతిలో ఉన్నా తెరమీదికి తేవడానికి దారి ఇరుకు.

సర్రే సుబ్బు:
బోర్డర్ మాటొచ్చింది కాబట్టి, దిల్జీత్ ‘సర్దార్ జీ 3’ 2025లో ఇండియాలో రిలీజ్ కాలేదు కదా, పాకిస్తానీ హీరోయిన్ ఉందని. బయటి దేశాల్లో మాత్రం వేశారు. పాకిస్తాన్‌లో తీసిన ‘లెజెండ్ ఆఫ్ మౌలా జట్’ కూడా మన పంజాబ్‌లో వేస్తామని 2024లో అన్నారు, ఆగిపోయింది. ఇలా అయితే ఆ 12 కోట్ల మార్కెట్ గురించి ఎప్పటికీ మాట్లాడుకోవడమేనా?

మొహాలీ మూర్తి:
సుబ్బూ, పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత అది దగ్గర్లో జరిగే పని కాదు. నాకు ఆశ ఉన్నది ఓటీటీ మీద. చౌపాల్ అని పంజాబీకి సొంత యాప్ వచ్చి కొన్నేళ్లయింది, అక్కడ సింగర్ లేకుండా కూడా కథ నడుస్తుంది. వెన్నెలగారూ, మలయాళం పోలిక బాగుందిగానీ కేరళలో సినిమా చూడ్డం, దాని గురించి కొట్టుకోవడం ఊరూరా ఉన్న అలవాటు. ఇక్కడ మొహాలీలో మా ఆఫీసులో పాత పాటల గురించి అడిగితే గంట మాట్లాడతారు, గుర్వీందర్ సింగ్ పేరెత్తితే ‘ఏ సింగర్?’ అంటారు.

వెన్నెల రాత్రులు:
హహ, సరే. సుబ్బూ, మీ రూమ్మేట్స్‌కి ‘చౌథీ కూట్’ పెట్టి చూపించండి, ఎంతసేపు కూర్చున్నారో వచ్చి చెప్పండి.