పారాసెటమాల్ ఓవర్‌డోస్: విరుగుడు మందు ఎన్ఏసీ (ఎన్-ఎసిటైల్‌సిస్టీన్) 12 గంటలు చాలా, 21 గంటలు ఎక్కించాలా?

క్యాజువాల్టీ_డ్యూటీ:
పాత పద్ధతిలో కిలోకు 150 మి.గ్రా. గంటలో, 50 నాలుగు గంటల్లో, 100 పదహారు గంటల్లో ఎక్కిస్తాం. ఎడిన్‌బరా ‘స్నాప్’ పద్ధతిలో 100 రెండు గంటల్లో, 200 పది గంటల్లో. మొత్తం మందు అదే 300. 2014 లాన్సెట్ ట్రయల్‌లో వాంతులు, రియాక్షన్లు బాగా తగ్గాయి. మనమెందుకు మారకూడదు?

పాయిజన్_వార్డ్:
ఆ ట్రయల్ ముఖ్యంగా చూసింది వాంతులనేనండీ. లివర్‌కు సమానంగా రక్షణ ఉంటుందని తేల్చేంత పెద్దది కాదు. పైగా 12 గంటలకు ఆపాలంటే ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 100 లోపు ఉండాలి, చేరినప్పటికి రెట్టింపు కాకూడదు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే టెస్టు) 1.3 దాటకూడదు, రక్తంలో పారాసెటమాల్ లీటరుకు 20 మి.గ్రా. లోపుండాలి. ఆ చివరి టెస్టు లేని ఊళ్లో దేన్ని చూసి ఆపుతారు? రక్తంలో మందు మిగిలి ఉన్నంతసేపూ లివర్‌లో విషం తయారవుతూనే ఉంటుంది.

క్యాజువాల్టీ_డ్యూటీ:
తర్వాత బ్రిటన్ ఆసుపత్రుల్లో మూడు వేలకు పైగా కేసులు చూశారు కదా సార్, లివర్ దెబ్బతినడం పెరగలేదు.

పాయిజన్_వార్డ్:
నిజమే, కానీ అక్కడ రక్తంలో పారాసెటమాల్ లెవెల్ చూసే ఆపారు.

ఫార్మకాలజీ_క్లాస్:
మీరిద్దరూ రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. రియాక్షన్ తగ్గేది మొదటి బాటిల్ నెమ్మదిగా ఎక్కించడం వల్ల, మొత్తం గంటలు తగ్గించడం వల్ల కాదు. అది అసలు అలర్జీ కాదు, వేగానికి హిస్టమిన్ విడుదలవడం. లెవెల్ దొరకని చోట ఆస్ట్రేలియా వాళ్ల రెండు బాటిళ్ల పద్ధతి నయం: 200 నాలుగు గంటల్లో, 100 పదహారు గంటల్లో. 60 కిలోల మనిషికి, మి.లీ.కు 200 మి.గ్రా. ఉండే ఆంపుల్ అయితే, 60 మి.లీ. అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో, తర్వాత 30 మి.లీ. లీటరులో. పిల్లలకు ఇంత నీరు ఎక్కిస్తే సోడియం పడిపోతుంది, ద్రవం తగ్గించాలి. ఎప్పుడు మింగారో తెలియకపోయినా, విడతలుగా మింగినా నోమోగ్రామ్ (మింగి ఎన్ని గంటలైందో, రక్తంలో లెవెల్ ఎంతుందో చూసి ఎన్ఏసీ కావాలో లేదో చెప్పే గ్రాఫ్) పనికిరాదు. 20 గంటలయ్యాక ఏఎల్‌టీ పెరుగుతూనే ఉంటే ఆపొద్దు, రెండో బాటిలే మళ్లీ పెట్టాలి.

ఐసీయూ_నైట్:
దద్దుర్లు, ఆయాసం వస్తే కాసేపు ఆపి హిస్టమిన్‌ను అడ్డుకునే క్లోర్‌ఫెనిరమిన్, పిల్లికూతలుంటే సాల్బుటమాల్ నెబ్యులైజర్ ఇచ్చి నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. చాలాచోట్ల ‘ఎన్ఏసీ అలర్జీ’ అని కేస్‌షీట్‌లో రాసి పూర్తిగా మానేస్తున్నారు, దానివల్లే లివర్ పోతుంది. ఆస్తమా ఉందని కూడా ఆపకూడదు. బ్లీడింగ్ లేకుండా ఎఫ్ఎఫ్‌పీ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లాస్మా) ఎక్కించొద్దు. ఐఎన్ఆర్ పైకి తగ్గినట్టు కనబడి, ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కు పంపాల్సిన సమయం దాటిపోతుంది. మింగి ఎనిమిది గంటలు కావస్తుంటే ఏ పద్ధతన్న చర్చ పక్కనపెట్టి, రిపోర్టులు రాకముందే మొదటి బాటిల్ పెట్టేయండి.