ఏడు వారాల పాప, తాగిన ప్రతిసారీ పాలు కక్కుతోంది

ప్రశ్న:
పాప పుట్టినప్పుడు 3.1 కిలోలు, ఇప్పుడు 4.6. పగలు నా పాలే. రాత్రి రెండుసార్లు డబ్బాపాలు, 120 మి.లీ. చొప్పున. తాగిన పది నిమిషాలకు కక్కుతుంది, ఒక్కోసారి విరిగిన పాలలా తరకలు తరకలుగా. అత్తయ్యగారు కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పడతారు. డబ్బాపాలు కాస్త చిక్కగా కలిపితే ఆగుతుందంటున్నారు. కలపొచ్చా అండీ?

జవాబు 1:
వద్దమ్మా. డబ్బా మీద రాసిన కొలతే కలపండి. ఎక్కువ వాటిలో 30 మి.లీ. నీళ్లకు అంచుకు సమంగా గీసిన ఒక స్కూపు. ముందు నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి. పొడి ఎక్కువైతే మూత్రపిండాల మీద భారం, మలబద్ధకం.

అసలు చిక్కు 120 దగ్గరుంది. కిలోకు రోజుకు 150 మి.లీ. లెక్కన 4.6 కిలోలకు 690. ఎనిమిదిసార్లకు పంచితే విడతకు దాదాపు 86. మిగిలింది పైకి రాక ఏమవుతుంది?

బరువు రోజుకు 30 గ్రాములు పెరిగింది, అది చక్కటి పెరుగుదల. తరకలు అజీర్తి కాదు, కడుపులో ఆమ్లానికి పాలు విరిగాయంతే. అన్నవాహిక అడుగు కండరం ఇంకా బిగియలేదు. నాలుగో నెల దాకా కక్కడం పెరగొచ్చు, ఏడాది నిండేసరికి చాలామందికి పోతుంది.

జవాబు 2:
ఉగ్గుగిన్నెది తప్పు కాదు, వెల్లకిలా ఉంచి పోయడమే తప్పు. తల ఎత్తుగా, సగం కూర్చోబెట్టినట్టు పట్టుకోండి. గిన్నె మూతి పెదవి మూలన ఆనించి, మింగాకే మళ్లీ కొంచెం. ధారగా పోస్తే పొలమారుతుంది.

సగం తాగాక ఒకసారి, అయ్యాక ఒకసారి భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి. ఐదు నిమిషాలైనా రాకపోతే వదిలేయండి. తర్వాత 20–30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోవాలి. నూనె మర్దన, స్నానం పాలకు ముందే. డైపర్ పొట్టమీద బిగుతుగా ఉండకూడదు. నిద్ర మాత్రం వెల్లకిలా, చదునుగా, దిండు లేకుండా.

ప్రశ్న అడిగినవారు:
తాగినదంతా పోయినట్టే ఉంటుంది. మళ్లీ పట్టాలా?

జవాబు 2:
ఒక చెంచా, అంటే 5 మి.లీ., పాలు గుడ్డ మీద ఒంపి చూడండి. మరక అరచేయంత అవుతుంది. పాప కక్కింది దాంతో పోల్చుకోండి. ఆకలితో వెతుక్కుంటే పట్టండి, లేదంటే తర్వాతి విడతకే.

జవాబు 3:
ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు: ఆకుపచ్చ వాంతి, రక్తం, పొట్ట ఉబ్బడం, 100.4 డిగ్రీల జ్వరం, రోజుకు ఆరుకంటే తక్కువ తడి డైపర్లు. పాలు దూరంగా చిమ్మినట్టు పడి, వెంటనే మళ్లీ ఆకలంటే జీర్ణాశయం చివర దారి మూసుకుపోతోందేమో స్కాన్‌లో చూస్తారు. అది ఎక్కువగా మూడు నుంచి ఆరు వారాల్లో మొదలవుతుంది. మలంలో జిగురూ రక్తపు చారలూ ఉంటే ఆవుపాల ప్రోటీన్ పడకపోవచ్చు, డాక్టరు చెబితేనే మీరు పాలు, పెరుగు మానండి. తేనె ఏడాది దాకా నాలుకకు రాయొద్దు, గ్రైప్ వాటర్‌తో పనిలేదు. వాంతి చుక్కల మందు దుకాణంలో అడిగి కొనకండి.