నాట్యం నేర్చుకునే పిల్లలకు మొదట ఏ సినిమా చూపించాలి? సాగర సంగమమా, స్వర్ణకమలమా?

గజ్జెల మూట (హన్మకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంటి మేడ మీద పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. ఇప్పుడు 14 మంది వస్తున్నారు, అందరూ ఎనిమిది నుంచి పదమూడేళ్ల లోపు వాళ్లే. పోయిన వారం ఒకే అడవు, అంటే నాట్యంలో ఒక మూల అడుగు, ముప్పైసార్లు చేయించాను. ఐదో తరగతి పాప ఒకతి గోడకు ఆనుకుని కూలబడి, "టీచర్, గిన్నిసార్లు ఎందుకు? వీడియోల పది సెకన్లే కదా ఉండేది" అంది. పొగరుతో అడగలేదు, నిజంగా తెలియకే అడిగింది. ఆ పిల్ల ఇన్నాళ్లూ చూసిన నాట్యమంతా ఫోన్లోనే, అదీ నడుము నుంచి పైకే. ఒక మనిషి ఐదు నిమిషాలు ఆగకుండా ఆడితే ఎలా ఉంటుందో దానికి తెలియదు.

అందుకే బతుకమ్మ సెలవుల్లో ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి మంచి నాట్యం ఉన్న సినిమా ఒకటి చూపిద్దామనుకున్నాను. ప్రొజెక్టర్ మా తమ్ముడి దగ్గర ఉంది, తెల్లటి గోడ మాకే ఉంది. ఏ సినిమా అన్న దగ్గరే ఇంట్లో పేచీ వచ్చింది. మా వారు సాగర సంగమం అంటారు. నేను స్వర్ణకమలం అంటున్నాను. రెండూ విశ్వనాథ్ గారివే, రెండింటికీ ఇళయరాజా సంగీతమే. అయినా మూడు రోజుల నుంచి భోజనాల దగ్గర ఇదే మాట.

సాగర సంగమం (1983) గొప్పదనం గురించి నాకు రెండో మాట లేదు. ఇళయరాజాకూ బాలసుబ్రహ్మణ్యం గారికీ జాతీయ అవార్డులు తెచ్చిన పాటలవి. కానీ అది ప్రాణం పెట్టినా నాట్యం దక్కని మనిషి కథ. స్వర్ణకమలం (1988) నాట్యం పుట్టుకతోనే ఇంట్లో ఉన్నా నాకొద్దు పొమ్మనే మీనాక్షి అనే పిల్ల కథ. నా దగ్గరికొచ్చే 14 మందిలో పదిమంది మీనాక్షులే! అమ్మ పంపితే వస్తారు, గడియారం చూసుకుంటూ ఆడతారు. వాళ్లకు వాళ్ల కథే కదా ముందు చూపించాలి?

ఇంకో సంగతి ఉంది. తండ్రి ఎదురుగా వేదిక మీద మీనాక్షి కావాలనే నిర్లక్ష్యంగా ఆడుతుంది. అది చూడలేక ఆ పెద్దాయన తనే లేచి ఆడి, అక్కడే కూలిపోతాడు. ఆ సన్నివేశంలో అందరూ తండ్రి కోసం ఏడుస్తారు. నేను మాత్రం మీనాక్షిగా వేసిన భానుప్రియ కాళ్లు చూస్తాను. బాగా వచ్చినవాళ్లు చెడగొట్టి ఆడటం చాలా కష్టం, ఒళ్లు ఒప్పుకోదు. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, ఉండటం అలవాటైన మోకాలు దానంతట అదే వంగుతుంది. కావాలంటే మీ ఇంట్లో నాట్యం వచ్చినవాళ్లను తాళం తప్పించి ఆడమనండి, నాలుగో అడుగుకు మళ్లీ తాళంలోకి వచ్చేస్తారు. భానుప్రియ కూచిపూడి నేర్చుకున్న మనిషి కాబట్టే తప్పును కూడా అంత కచ్చితంగా ఆడగలిగింది.

మీరేమంటారు? సినిమా మొత్తం చూపించాలా, పాటలు ఏరి చూపిస్తే చాలా?

రైల్వే క్వార్టర్స్ (కాజీపేట)

అమ్మా, నా ఓటు మీ వారికి. 1983లో ఇంటర్ చదువుతున్నప్పుడు హన్మకొండకు సైకిల్ మీద వెళ్లి మ్యాట్నీ చూసి, బయటికొచ్చి మళ్లీ ఫస్ట్ షోకి టికెట్ కొన్నాను. రాత్రి ఇంటికి చేరాక నాన్న చేతిలో దెబ్బలు పడ్డాయి. ఇప్పుడు తలచుకున్నా ఆ రెండో టికెట్ డబ్బులు వృథా అనిపించదు.

ఆ పెళ్లి ఇల్లు గుర్తు తెచ్చుకోండి. లోపల పెద్దమనుషుల ముందు మంజు భార్గవి 'బాలా కనకమయ చేల'కు ఆడుతూ ఉంటుంది. వంటలమ్మ కొడుకు బాలు (కమల్‌హాసన్) వంటల దగ్గర అదే కృతికి ఆడతాడు. చూసే జనం లేరు, వేదిక లేదు, పొయ్యిలూ గిన్నెలూ తప్ప ఏమీ లేవు. పది సెకన్ల వీడియో గురించి అడిగిన పాపకు నేనైతే ఆ ఒక్క ముక్క చూపిస్తాను. ఎవరూ చూడకపోయినా ఆడేవాడిని చూస్తే దాని ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రెండోది పత్రికాఫీసు. జుట్టు నెరిసి, తాగుడుకు అలవాటుపడిన బాలు నర్తకి శైలజకు ఒకే చరణాన్ని వేర్వేరు నాట్యరీతుల్లో ఆడి చూపిస్తాడు. ఒంటి మీద నగ లేదు, కాలికి గజ్జె లేదు. రీతి మారినప్పుడల్లా నడుమూ మెడా చూపూ అన్నీ మారిపోతాయి. కమల్‌హాసన్ భరతనాట్యం నేర్చుకున్నాడు, హీరో కాకముందు డ్యాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడు. అదంతా అక్కడ తెలుస్తుంది.

మీరు కాళ్ల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. హాలీవుడ్‌లో ఫ్రెడ్ అస్టేర్ అనే ఆయన తను ఆడేటప్పుడు తల నుంచి పాదం దాకా మొత్తం కెమెరాలో పడాలనీ, ముక్కలు ముక్కలుగా కత్తిరించకూడదనీ పట్టుబట్టేవాడు. 1952లో వచ్చిన 'సింగిన్ ఇన్ ది రెయిన్' వీలైతే పెద్ద పిల్లలకు చూపించండి. జీన్ కెల్లీ ఆ వాన పాటను 103 డిగ్రీల జ్వరంతో ఆడాడు. హీరోయిన్ డెబ్బీ రేనాల్డ్స్‌కు అప్పటికి 19 ఏళ్లు, డ్యాన్స్ పెద్దగా రాదు. ఒక పాట షూటింగ్ అయ్యేసరికి పాదాలు పగిలి నెత్తురు కారిందట. తెర మీద ఆ ముఖం చూడండి, నొప్పి జాడే ఉండదు. ముప్పైసార్లు ఎందుకంటే అందుకే.

పాత బొమ్మ (జనగామ)

మీరిద్దరూ ఇరవై ఏళ్లు ఆలస్యంగా మొదలుపెడుతున్నారు. నర్తనశాల, 1963. 'సలలిత రాగ సుధారస సారం'. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బెంగళూరు లత పాడారు, సంగీతం సుసర్ల దక్షిణామూర్తి. బృహన్నలగా రామారావు గారు గురువు, ఉత్తరగా ఎల్. విజయలక్ష్మి శిష్యురాలు. నాట్యం క్లాసు మీద ఇంతకంటే మంచి పాట ఏముంది? వెంపటి పెదసత్యం గారు కూర్చిన నాట్యం. అంత పెద్ద హీరో పక్కన ఉన్నా ఆ అమ్మాయి మీద నుంచి చూపు తిప్పలేం.

గజ్జెల మూట

జనగామ వారూ, ఇది నాకెందుకు తట్టలేదో! గురువు ముందు ఆడితే శిష్యురాలు వెనకాల అందుకోవడం రోజూ మా మేడ మీద జరిగేదే. పైగా విజయలక్ష్మి ముద్ర పట్టినప్పుడు చూపు చేతి వెంటే పోతుంది. ఆ ఒక్కటి మా పిల్లలకు రెండేళ్ల నుంచి చెబుతున్నాను.

కాజీపేట అన్నా, వంటల దగ్గరి ముక్క విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ అదే సినిమాలో 'తకిట తధిమి' పాట ఎనిమిదేళ్ల పిల్లలకు ఎలా చూపించమంటారు? తాగిన మనిషి బావి గట్టు మీద ఆడుతుంటే వాళ్లు భయపడతారు. వానకు హీరోయిన్ మాధవి బొట్టు చెదిరిపోతుందని బాలు చెయ్యి అడ్డం పెట్టడం ఆ వయసు వాళ్లకు అర్థం కాదు. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది పెళ్లయ్యాకే.

ఇద్దరు పిల్లల అమ్మ (హుజూరాబాద్)

అక్కా, మయూరి ఎవరూ చెప్పలేదు. సుధా చంద్రన్‌కు 1981లో రోడ్డు ప్రమాదంలో కాలు పోయింది. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం నేర్చుకుంది. 1985లో సింగీతం శ్రీనివాసరావు గారు ఆ కథనే సినిమాగా తీస్తే, తన పాత్ర తనే వేసింది. మా పెద్దదానికి రెండేళ్ల కింద చీలమండ విరిగి నాలుగు నెలలు కట్టుతో ఉంది. క్లాసు మాన్పిద్దామని అనుకున్నాం. ఆ సినిమా పెట్టాను. అది ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మంచం మీద కూర్చునే చేతులతో ముద్రలు వేస్తోంది. ఇప్పుడు మళ్లీ క్లాసుకు పోతోంది.

పాలంపేట దారి (ములుగు)

మేడమ్, సినిమాకు ముందో తర్వాతో పిల్లలను రామప్పకు తీసుకురండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. స్తంభాల పైన వాలుగా నిలబెట్టిన నల్లరాతి నర్తకిలను కింద నిలబడి చూడమనండి. మోకాలు ఎంత వంగింది, బరువు ఏ పాదం మీద ఉంది, మడమ లేచిందా లేదా, అన్నీ రాయిలో తెలుస్తాయి. మీరన్నట్టు నడుము నుంచి పైకే చూసే పిల్లలకు ఇక్కడ తల నుంచి గోరు దాకా కదలకుండా దొరుకుతుంది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథాన్నీ, ఈ గుడి శిల్పాలనూ పట్టుకునే నటరాజ రామకృష్ణ గారు మగవాళ్లు ఆడే పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. మగపిల్లలు ఎవరైనా మీ దగ్గర నేర్చుకుంటుంటే వాళ్లకు పేరిణి కూడా తప్పకుండా చూపించండి. నాట్యం ఆడపిల్లలదే అనుకుని మా ఊళ్లో మంచి కాళ్లున్న పిల్లలు మానేస్తున్నారు.

గజ్జెల మూట

ఇద్దరు మగపిల్లలున్నారండీ. వాళ్ల కోసమైనా వస్తాం. దసరా అయ్యాక ఒక శనివారానికి వ్యాన్ మాట్లాడుతున్నాను.

నిన్న ఆదివారం సినిమా అయింది, ఎలా జరిగిందో చెబుతాను. ముందు నర్తనశాల పాట వేశాం. తర్వాత కాజీపేట అన్న మాట మీద, మా వారి సంతోషం కోసం కూడా, సాగర సంగమంలో వంటల దగ్గరి ముక్కా పత్రికాఫీసూ చూపించాం. ఆ రెంటికీ మధ్య కథ మా వారే చెప్పారు, బాగా చెప్పారు. ఆ తర్వాత స్వర్ణకమలం మొత్తం. మధ్యలో మురుకులు, ఛాయ్.

మీనాక్షి నాట్యం వద్దని వాదించినప్పుడల్లా వెనక వరసలో నవ్వులు. తండ్రి పడిపోయినప్పుడు ఒక్కరూ కదల్లేదు. 'అందెల రవమిది' మొదలయ్యేసరికి నేను గోడ వైపు చూడటం మానేసి పిల్లల వైపే చూస్తున్నాను. ముప్పైసార్లు ఎందుకని అడిగిన పాప లేచి గోడ దగ్గరికి వెళ్లింది. దాని నీడ భానుప్రియ మీద పడుతుంటే మిగతావాళ్లు అరిచారు. అది పక్కకు జరిగి, "టీచర్, గా జతి మల్ల ఎన్కకు తిప్పుండ్రి, ఎడమ కాలు ఎట్ల వేసిందో నాకు కనబడలె" అంది.

తిప్పాను. మళ్లీ తిప్పమంది. మూడోసారికి ఇంకో నలుగురు లేచి దాని పక్కన నిలబడ్డారు. మా వారు ప్రొజెక్టర్ ఆపకుండానే చాపలు చుట్టి, జాగా చేసి ఇచ్చారు.