అప్‌డేట్: సీసాలో కేకు నిల్వ, ఆ పద్ధతి మానేశాం

పోయినసారి అడిగింది ఇదీ: అరటిపండు కేకును గాజు సీసాల్లోనే కాల్చి, వేడిమీదే మూత బిగిస్తే కడప ఎండల్లో నెల రోజులు బయట ఉంటుందా అని. ఉండదు. మూత టప్పుమని లోపలికి గుంటపడితే గాలి పోయిందని అర్థం, క్రిములు చచ్చాయని కాదు. ఓవెన్ 175 డిగ్రీలున్నా, తడి ఉన్నంతసేపూ కేకు నడిమధ్య 100 దాటదు. బాట్యులినమ్ అనే విషం పుట్టించే క్రిమి బీజాలు చావాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. పైగా గాలి ఆడని, పులుపు లేని, తడి చోటే వాటికి అనువు. ఆ విషం వాసనకూ రంగుకూ దొరకదు. మామిడి ఊరగాయ ఆగేది ఉప్పూ పులుపూ వల్ల, కేకులో అవెక్కడివి?

ఇప్పుడు కేకును ట్రేలో కాల్చి, జాలీ మీద పూర్తిగా చల్లారాకే ముక్కలు కోసి సీసాలో సర్దుతున్నాం. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి పైభాగం జిగటవుతుంది. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు. ఫ్రీజర్‌లో 2, 3 నెలలు. ఫ్రీజర్‌కైతే మెడ సన్నగా లేని సీసా, పైన వేలెడంత ఖాళీ. ఓవెన్‌లో మాత్రం సీసా పెట్టొద్దు. మామూలు ఊరగాయ సీసాలు ఆ పొడి వేడికి చేసినవి కావు, తీసి చల్లటి కడప బండ మీద పెట్టగానే అడుగు చిట్లొచ్చు. అనంతపురం చుట్టాలకు పార్సిల్ కట్టాలంటారా, నిప్పట్ల లాంటి నిల్వుండే పిండివంట పంపండి.